ఉప్పు వేస్తే కనపడే మంట

కన్నారావుకి అనుమానం పుట్టుకతోనే వచ్చింది. చేపల బజారులో మొప్ప ఎత్తి చూసి ఊరుకునే రకం కాదు. పక్క గంపలో చేప మొప్ప కూడా ఎత్తి, రెంటినీ పోల్చి, అమ్మే మనిషి పిల్లల మీద ఒట్టేసినా నమ్మక, చివరికి కొనకుండా చెయ్యి దులుపుకుని వచ్చేసే రకం. కోడిగుడ్డుకి ఈకలు పీకే మనిషని అతను ఉండే బతు బస్తీ పేటంతా ఎరుగును. అయినా ఎవరూ మొహం మీద అనరు, ఎందుకంటే మనిషి నికార్సయినవాడు. ఒకరి సొమ్ము ముట్టడు. తనది ఎవరైనా ముట్టారేమోనని మాత్రం కంటి మీద కునుకు పడదు.

అలాంటివాణ్ణి తీసుకెళ్ళి కంటికి కనపడని సరుకు తయారుచేసే చోట కూర్చోబెడితే ఏమవుతుంది? అదే అయింది.

గురునాథం గారి కొబ్బరినూనె మిల్లులో కాయలు కొట్టిన నీళ్ళు ఏళ్ళ తరబడి కాలవలోకి పోయేవి. ఈగలు, కంపు, చుట్టుపక్కలవాళ్ళ తిట్లు. ఆ నీళ్ళ నుంచి, అబర్డీన్ బజార్ బేకరీల్లో అమ్ముడుపోని రొట్టెల నుంచి హైడ్రోజన్ గ్యాసు తీసి చూపిస్తామని మెయిన్‌లాండ్ నుంచి ఒక సంస్థ వచ్చింది. డీజిలు కూడా ఓడెక్కి రావలసిన దీవులాయె, ఊరికే పోయే నీళ్ళతో ఇంధనం వస్తానంటే వద్దంటారా? గురునాథం మిల్లు వెనక చోటిచ్చాడు. రేకుల షెడ్డు లేచింది. అందులో ఒక మూసిన ట్యాంకు, నాలుగు గొట్టాలు, బయట చూరు కింద ఒక పొయ్యి. ఆ పని చూడటానికి సుదేష్ణ అనే బెంగాలీ ఇంజనీరు వచ్చి, డెలానీపూర్‌లో గది తీసుకుని, రోజూ స్కూటీ మీద మిల్లుకి వచ్చేది. అందరికీ ఆవిడ దీదీ.

పద్ధతి వినడానికి సులువే. ఎండిన రొట్టెలు కొబ్బరినీళ్ళలో, ఒక డ్రమ్ములో నానబెడతారు. నానినదాన్ని ట్యాంకులోకి తోడతారు. లోపలి సూక్ష్మజీవులు ఆ తీపి తిని గ్యాసు వదులుతాయి. ఆ జీవుల్ని పశువులశాల బురద నుంచి తెస్తారుగానీ, ముందు ఆ బురదని బాగా మరగబెడతారు. మరిగితే గ్యాసుని తినేసేవి చచ్చిపోతాయి, గ్యాసు చేసేవి పెంకు కట్టుకుని బతుకుతాయి.

"మనం పిలిచిన చుట్టాలు తప్ప ఇంకెవరూ ఈ ఇంట్లోకి రాకూడదు, సమఝే కన్నారావు భయ్యా?" అని అతను షెడ్డు పనికి కుదిరిన మొదటిరోజే దీదీ తన హిందీలో చెప్పింది. కన్నారావుకి ఆ మాట ఎంత నచ్చిందంటే, షెడ్డు తాళం ఆ రోజు నుంచీ అతని మొలతాడుకే.

ఇంకో చిక్కు ఉంది. ఈ గ్యాసు మంట పగటి వెలుగులో కనపడదు. పొగా లేదు. నిప్పు లేనిదే పొగ రాదన్న పెద్దలు ఇలాంటి నిప్పుని చూసి ఉండరు. అందుకని పొయ్యి మీద చిటికెడు ఉప్పు చల్లుతారు. ఉప్పు పడగానే మంట పసుప్పచ్చగా లేచి కనపడుతుంది. పొద్దున ఒకసారి చల్లితే చాలని దీదీ చెప్పింది. కన్నారావు మాత్రం ఉప్పు సీసా జేబులో వేసుకుని తిరిగేవాడు. టీ తాగి వచ్చి ఒక చిటికెడు, అన్నం తిని వచ్చి ఒక చిటికెడు. తను అటు తిరగ్గానే మంట ఎక్కడికైనా పోయిందేమోనని.

షెడ్డులో అతనికి తోడు లక్ష్ముడు. శ్రీకాకుళం తీరం నుంచి వచ్చి బోటు మీద పనిచేసిన మనిషి. ఒక వేటలో గాలపు తాడు చుట్టుకుని కుడిచేతి వేళ్ళు రెండు పోయాయి. వల లాగలేని మనిషిని ఏ బోటువాడు పెట్టుకుంటాడు? భార్య తవిటమ్మ ఎండుచేపలు అమ్మి ఇల్లు నడిపేది. వాళ్ళ మీద జాలిపడి చేరదీసింది కన్నారావు తల్లి అప్పలకొండమ్మ. "మా అత్తోరి ఊరోడురా, ఆ మాత్రం సెయ్యలేవేటి?" అని కొడుకు చెవిలో ఇల్లు కట్టుకుని పోరి ఈ పని ఇప్పించింది.

"సూడు కన్నా," అంది ఆ రోజే. "ఇది పోతే ఆడికి నీళ్ళ మీదా బతుకు నేదు, నేల మీదా నేదు. నువ్వే సూసుకోవాల."

"సూసుకుంతాన్లేవే," అన్నాడు కన్నారావు. చూసుకోవడం అంటే అతనికి తెలిసింది ఒకటే, కనిపెట్టుకుని ఉండటం. బోటు మీద ఉన్న రోజుల్లో లక్ష్ముడు పీకలదాకా తాగేవాడు. చెయ్యి పోయాక మానేశాడు. మానేశాడని అందరూ అన్నారు. కన్నారావు నమ్మలేదు.

లక్ష్ముడికి పొద్దున తిండి కన్నారావు ఇంట్లోనే. అప్పలకొండమ్మ వంటింటి మూల తరవాణి కుండ ఉండేది. బియ్యం కడుగు, వార్చిన గంజి పోసి పులియబెట్టే కుండ అది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక ఇక్కడికి వచ్చి స్థిరపడిన తొలి కుటుంబాల్లో ఒకటైన వాళ్ళ ఇంటికి, అత్తగారు బుల్లమ్మ ఓడలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చిన కుండ. కుండలు పగిలాయి, మారాయి. నీళ్ళ వరస మాత్రం ఎప్పుడూ తెగలేదు. పాతదాంట్లో కొంచెం ఉంచి కొత్తది పోయడమే. చద్దన్నంలో ఆ తరవాణి ఒంచుకుని, ఉల్లిపాయ కొరుక్కుని, ఇద్దరూ కలిసి షెడ్డుకి నడిచేవారు.

వానలు ముదిరాక ట్యాంకు మందగించింది. గ్యాసు కొలిచే మీటరు ముల్లు దిగింది. ఉప్పు చల్లితే మంట జానెడు లేచేది బెత్తెడైంది.

"వెచ్చబెట్టే పైపులో లోపం ఉంది, బాగుచేస్తే తేరుకుంటుంది. ఘబరానా మత్," అంది దీదీ.

గాభరా పడకుండా ఎలా ఉంటాడు? నెలాఖరుకి మెయిన్‌లాండ్ నుంచి సంస్థ పెద్దలు వస్తున్నారు. పొయ్యి సరిగ్గా వెలగకపోతే షెడ్డు విప్పి ఓడెక్కించేస్తామని ముందే చెప్పారు. షెడ్డు పోతే ఇద్దరి కూడూ పోతుంది. కన్నారావు ఆ రాత్రి కంచం ముందు కూర్చుని తల్లి దగ్గర వెళ్ళబోసుకున్నాడు. "ట్యాంకు నీరసపడిపోయినాదే అమ్మా. పొంగు నేదు, బుడగ నేదు. ఊపిరి తీస్తన్నట్టే నేదు."

"పులిసే సరుకే కదరా?" అంది అప్పలకొండమ్మ.

"పులిసేదే. కానీ పులవట్లేదు."

ఆవిడ చేపల పులుసు ఇంకో గరిటెడు వడ్డించింది.

పైపు బాగుచేశారు. ముల్లు కొంచెం లేచినట్టే లేచి, ఈసారి ఇంకా కిందికి జారింది. కన్నారావు రోజూ ఇంటికొచ్చి అదే గోడు. "ఇయాల మరీ ఘోరమే." మర్నాడు ఇంకా ఘోరం. దీదీ ట్యాంకు నీళ్ళు తీసి చూసింది. పులుపు ఉండవలసినదానికన్నా బాగా ఎక్కువైంది. నుదురు చిట్లించింది. "కొత్తగా ఏమైనా పోస్తున్నారా లోపలికి?"

కన్నారావుకి రోషం వచ్చింది. "నా చేతి మీద తప్ప ఒక్క చుక్క లోపలికి పోదు దీదీ! పోతే బయటికే పోవాలి." ఆ మాట నోట్లోంచి వచ్చాక అతనికే చురుక్కుమంది. అవును, బయటికే పోతోందేమో! పోతే ఎవరి చేతి మీద పోతోంది?

ఇంకేముంది, అనుమానం పెనుభూతమై మెడకెక్కి కూర్చుంది. షెడ్డులో ఉన్నది ఇద్దరు. అందులో ఒకడు తను. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు కదా, ఈశ్వరుడు పట్టలేనివాణ్ణి నేను పడతానని కన్నారావు పంతం పట్టాడు.

చూడగా చూడగా కనపడనిదేముంది! లక్ష్ముడు ఇదివరకు అన్నం ఒక్కటే గుడ్డలో మూటకట్టి తెచ్చుకునేవాడు. ఇప్పుడు మూటతో పాటు మూత ఉన్న ఒక స్టీలు డబ్బా తెస్తున్నాడు. దాన్ని మూటలో అడుగున పెడుతున్నాడు. ఇదివరకు ఇద్దరూ కలిసే షెడ్డుకి నడిచేవారు, ఇప్పుడు 'నువ్వెల్లు భయ్యా, ఎనకాలే వొస్తాను' అంటున్నాడు. మధ్యాహ్నం తనని టీకి పంపి తను ఉండిపోతున్నాడు. పలకరిస్తే ఉలిక్కిపడుతున్నాడు. అడిగితే నవ్వుతున్నాడు. తప్పు లేనివాడు ఎందుకు నవ్వుతాడు?

ఒకరోజు టీకని బయల్దేరి, మిల్లు గోడ చుట్టూ తిరిగి, వెనక రేకుల సందులోంచి కన్నారావు చూశాడు. లక్ష్ముడు అటువైపు తిరిగి, రొట్టెలు నానే డ్రమ్ము మీదికి వంగి ఉన్నాడు. ఏదో గొణుగుతున్నాడు, లెంపలు కూడా వేసుకున్నాడు. తర్వాత లేచి, డబ్బాకి మూత బిగించి, చుట్టూ చూసి, మూటలో దాచేశాడు.

కన్నారావుకి దొంగ దొరికేశాడు. కోపమో సంతోషమో అతనికే తెలియలేదు. కొబ్బరినీళ్ళు, రొట్టెలు, తీపి, పులుపు. ఇంకేం కావాలి కల్లు తయారవడానికి? బస్తీలో కుర్రాళ్ళు ఈ షెడ్డుని కల్లు ఫ్యాక్టరీ అని వేళాకోళం చేసేవారు. వేళాకోళం కాదన్నమాట! డ్రమ్ములోంచి తోడుకుపోతుంటే ట్యాంకుకి తిండెక్కడిది, మంటకి బలమెక్కడిది?

లక్ష్ముడు చెయ్యి కడుక్కోవడానికి కొళాయి దగ్గరికి వెళ్ళగానే కన్నారావు వచ్చి డబ్బా మూత తీశాడు. ఖాళీ. అడుగున నాలుగు తెల్లటి చుక్కలు. ముక్కు దగ్గర పెట్టుకుంటే పుల్లటి వాసన గుప్పుమంది. బాగా ఎరిగిన వాసనే. కానీ మనసు ఒక పేరు పెట్టేశాక ముక్కు మాత్రం ఎదురు చెబుతుందా? కల్లే, అనుకున్నాడు. తోడుకున్నవాడి డబ్బా ఖాళీగా ఎందుకుందన్న ప్రశ్న రాకపోలేదు. గోడ అవతల ఎవరికో అందించేసుంటాడని దానికి జవాబూ తనే చెప్పుకున్నాడు.

ఆ సాయంత్రమే మిల్లు వాకిట్లో పంచాయితీ పెట్టించాడు. గురునాథం కుర్చీలో, దీదీ పక్కన నిలబడి. లక్ష్ముడు వేళ్ళు పోయిన చేతిని ఇంకో చేత్తో పట్టుకుని నుంచున్నాడు.

"సెప్పు! ఎన్నాళ్ళనుంచి తీస్తన్నావు?" అన్నాడు కన్నారావు.

"నానేటీ తియ్యనేదు భయ్యా."

"డబ్బా నీది కాదా?"

"నాదే."

"డ్రమ్ము మీదికి వొంగింది నువ్వు కాదా?"

లక్ష్ముడు తలొంచుకున్నాడు.

"సూసినారా గురునాథం గారూ! అడిగితే తలొంచుకుంటన్నాడు. ఎంతకి అమ్ముతున్నావురా కల్లు?"

ఆ మాటకి లక్ష్ముడు తలెత్తి కన్నారావు మొహంలోకి అదోలా చూశాడు. కోపం కాదది. ఆశ్చర్యం. "కల్లేటి భయ్యా? నీకు తెలీదా? ఒక్కపాలి ఇంటికెల్లి పెద్దమ్మని..."

"ఇంటికెల్లి మా అమ్మ కాళ్ళ మీద పడతావా? ఆ పప్పులుడకవు! నా ఇంటి ఊసెత్తేవంటే బాగోదు!"

దీదీ అడ్డం వచ్చి, "ఉనకో బోల్నే దో," అంది, చెప్పనివ్వమని. కానీ లక్ష్ముడు మరి మాట్లాడలేదు. తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అంటారు. అందులో ఒకప్పుడు నిజంగా తాగినవాడి మాట ఎవరు వింటారు? గురునాథం రేపట్నుంచి రావద్దన్నాడు. లక్ష్ముడు మూట తీసుకుని వెళ్ళిపోయాడు.

దీదీకి మనసొప్పలేదు. అయినా పెద్దలు వచ్చే రోజు దగ్గరపడుతోంది. ట్యాంకు, డ్రమ్ము మొత్తం ఖాళీ చేయించి, వేడినీళ్ళతో కడిగించి, కొత్త బురద మరగబెట్టి మళ్ళీ మొదలుపెట్టింది. ముల్లు కదిలింది. లేచింది. వెనకటికన్నా పైకి లేచింది.

కన్నారావు ఎగిరి గంతెయ్యలేదు గానీ, అంత పనీ చేశాడు. దొంగ పోయాడు, గ్యాసు వచ్చింది. ఇంతకన్నా రుజువేం కావాలి? ఇంట్లో మాత్రం సంగతి చెప్పలేదు. లక్ష్ముడు పొద్దున రావడం లేదేమని తల్లి అడిగితే, "ఆడికి డ్యూటీ మారినాది," అన్నాడు. ఒకరి మాట నమ్మని మనిషి అబద్ధం ఎంత సులువుగా ఆడాడో చూడండి.

పెద్దలు వచ్చారు. మీటరు చూశారు, గొట్టాలు చూశారు, పొయ్యి దగ్గర నిలబడ్డారు. మంట కనపడదు కదా, మొహాలు చూసుకున్నారు. కన్నారావు జేబులోంచి సీసా తీసి ఉప్పు చల్లాడు. మంట నిలువునా పసుప్పచ్చగా లేచింది. అందరూ చప్పట్లు కొట్టారు. షెడ్డు ఇక్కడే ఉంటుందన్నారు. గురునాథం భుజం తట్టి, "నీది డేగకన్నోయ్," అన్నాడు.

ఆ డేగకన్ను వేసుకుని ఇంటికి వచ్చాడు. అప్పలకొండమ్మ గుమ్మంలోనే కాసుకుని ఉంది.

"మంట లేచినాదేటిరా?"

"లేచినాదే అమ్మా! ఇంతెత్తు!"

"లెగకేం సేత్తాది!" ఆవిడ మొహం చేటంతయింది. "బుల్లమ్మత్త కుండంటే ఏటనుకున్నావు? ఎన్ని కొంపల కుండలు లేపినాది!"

"ఏ కుండే?"

"తరవాణి కుండరా! నువ్వు రోజూ ట్యాంకు నీరసపడిపోయినాదని ఏడుస్తంటే ఊరుకుంతానేటి? కుండ సల్లబడితే మంచి కుండలోంచి ఇంత తోడు పోస్తే లేత్తాది. లక్ష్ముడి డబ్బాలో పోసి పంపినాను. సూరుడికి దండం పెట్టి పొయ్యమన్నాను. ముందు డబ్బాకి లెగలేదని నువ్వంటే, మర్నాడు ఇంకింత ఎక్కువ పంపినాను. రోజూ నువ్వు సెప్పినదాన్ని బట్టే కదా కొలత! ఆడు రావడం మానీసినా ఏటి, అప్పటికి పోసిందే పట్టీసినాది."

కన్నారావు గుమ్మం మీద కూలబడ్డాడు. "నాకెందుకు సెప్పలేదే?"

"సెప్తారేటి! తోడిచ్చిన ఇంటి పేరు పైకి అనకూడదు. అంటే ఇచ్చిన కుండా సస్తాది, పుచ్చుకున్న కుండా సస్తాది. సచ్చినా సెప్పకురా అని లక్ష్ముడి సేత నెత్తి మీద సెయ్యి ఏయించుకున్నాను. ఇప్పుడంటే మంట లేచిపోయినాది కాబట్టి సెప్తన్నాను."

డబ్బా అడుగున నాలుగు తెల్లటి చుక్కలు. పుల్లటి వాసన. ఆ వాసన లేని పొద్దు అతని జన్మలో లేదు. పాలు మానిపించి తల్లి మొదట పెట్టిన ముద్ద ఆ వాసనే. దాన్ని పట్టుకుని కల్లు అన్నాడు. కన్నారావుకి సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది. పోయడం వల్ల మంట లేవలేదు, పోయడం ఆగిపోయి లేచింది, ఆ సంగతి అతనికి ఇప్పుడు స్పష్టంగా తెలిసింది. లక్ష్ముడు ఏమీ తియ్యలేదు. తను తల్లి దగ్గర ఏడ్చిన ఏడుపే డబ్బాలో పడి, రోజురోజుకీ పెరిగి, ట్యాంకులోకి పోయింది.

నోరు మూసుకుంటే సరిపోయేది. లక్ష్ముడు చెప్పడు, తల్లి చెప్పదు, ఎవరికీ తెలియదు, డేగకన్ను డేగకన్నుగానే ఉంటుంది. ఆ ఆలోచన రాలేదంటే అబద్ధం. కానీ అప్పలకొండమ్మ ఎదురుగా నిలబడి అతని మొహమే చూస్తోంది.

"లక్ష్ముడేడిరా?" అంది మెల్లగా. "ఏ డ్యూటీ ఆడిది?"

చెప్పాడు. తలుపు వంక చూస్తూ అంతా చెప్పాడు. అప్పలకొండమ్మ కొట్టలేదు, తిట్టలేదు. కొట్టినా బాగుండేది.

"ఏటీ ఎరగని ఆడికి నేనొట్టు ఏయించినాను," అంది చివరికి. "ఎరిగిన నువ్వు వాసన సూసి కల్లన్నావు. ఆ అన్నం తిని పెరిగినావు కదరా!" అని కొంగు నోట్లో కుక్కుకుంది.

మర్నాడు పొద్దున్నే ఆవిడ చీర మార్చుకుని, చెంబులో తరవాణి పట్టుకుని, కొడుకు కన్నా ముందు మిల్లుకి నడిచింది. గురునాథం ముందు, దీదీ ముందు చెంబు పెట్టింది. "నాను పంపినాను. ఆడు పోసినాడు. దొంగతనం నేదు, కల్లూ నేదు. కావలిస్తే తాగి సూడండి," అంది. కన్నారావు పక్కన నిలబడి, ఆవిడ మాట ప్రతిదీ దీదీకి హిందీలో చెప్పాడు. తన తప్పు తన నోటితోనే అనువదించుకోవలసి వచ్చింది.

దీదీ చెంబు అందుకుని వాసన చూసింది, కొంచెం నోట్లో పోసుకుంది. నవ్వాలో ఏడవాలో తెలియనట్టు చూసింది. ఈ పులుపు చేసే జీవులు చాలా బలమైనవనీ, అవి అడుగుపెడితే గ్యాసు చేసే జీవులు నిలవలేవనీ చెప్పింది. అడిగినప్పుడే ఎవరైనా చెప్పి ఉంటే ఒక్క రోజులో తేలిపోయేదని కూడా అంది. కన్నారావు వైపు చూడకుండా అంది.

"అంటే నా కుండ మంచిది కాదేటి?" అంది అప్పలకొండమ్మ, కళ్ళనీళ్ళతో.

"చాలా మంచిది మాసీ. అందుకే మావాళ్ళని బతకనివ్వలేదు," అంది దీదీ ఆవిడ చెయ్యి పట్టుకుని.

లక్ష్ముణ్ణి రమ్మన్నారు. పిలుచుకు రావలసింది ఎవరో ఎవరూ చెప్పలేదు, చెప్పనక్కర్లేదు. ఇకమీదట షెడ్డులోకి వెళ్ళే ప్రతి డబ్బా, ప్రతి మూటా గేటు దగ్గర చూసి పంపాలని మాత్రం దీదీ నియమం పెట్టింది. చూడవలసింది కన్నారావే.

జంగ్లీఘాట్ రేవులో లక్ష్ముడు మూడు వేళ్ళ చేత్తో ఐసు ముక్కల్లో చేపలు సర్దుతున్నాడు. చేపలు జారిపోతున్నాయి. జారినదాన్ని వంగి ఏరుకుంటున్నాడు. పక్కనున్న తవిటమ్మ కన్నారావుని చూడగానే గంప ముందుకి తోసింది.

"ఏటి, సోదాకొచ్చినావా? ఎతుక్కో! అడుగుదాకా ఎతుక్కో!"

"ఊరుకోయే," అన్నాడు లక్ష్ముడు.

కన్నారావు చెప్పవలసిందంతా చెప్పాడు. అమ్మ మిల్లుకి వచ్చిందనీ, తప్పు తనదేననీ, పనిలోకి రమ్మన్నారనీ. మాటలు తడబడ్డాయి. "నువ్వయినా ఆ వేళ గట్టిగా సెప్పొచ్చు కదరా," అన్నాడు, అంత జరిగాక కూడా.

లక్ష్ముడు చేతిలో చేపని ఐసు మీద పెట్టాడు.

"ఎంత తీసినావని అడిగినావు భయ్యా, ఎంతకి అమ్మినావని అడిగినావు. ఏటి పోసినావని ఒక్కపాలి అడిగినావా?"

లక్ష్ముడు పనిలోకి వచ్చాడు. రాక ఏం చేస్తాడు? నీళ్ళ మీదా బతుకు లేదు, నేల మీదా లేదు. కానీ పొద్దున తిండికి అప్పలకొండమ్మ ఇంటికి రాలేదు. ఆవిడ వెళ్ళి బతిమాలితే, "కడుపు బాగోలేదు పెద్దమ్మా," అన్నాడు. ఆవిడ రోజూ రెండు గిన్నెల్లో చద్దన్నం పెట్టి తరవాణి ఒంచుతుంది. ఒకటి కన్నారావు తింటాడు. రెండోది మధ్యాహ్నానికి ఆవిడే తింటుంది.

పొద్దున్నే గేటు దగ్గర కన్నారావు నిలబడతాడు. లక్ష్ముడు వస్తాడు. మూట విప్పి, డబ్బా తీసి, మూత తెరిచి అతని మొహం ముందు పెడతాడు. అందులో అన్నం, ఎండుచేప.

"వొద్దురా, ఎల్లు," అంటాడు కన్నారావు ప్రతిరోజూ.

లక్ష్ముడు వెళ్ళడు. కన్నారావు కళ్ళు దించి ఆ డబ్బాలోకి చూసేదాకా అలాగే పట్టుకుని నిలబడతాడు. చూశాక మూత పెట్టుకుని, లోపలికి వెళ్ళిపోతాడు.